వాన లెక్క ఉంది, మట్టి లెక్క లేదు

తొలకరి రోజుల్లో పాతపట్నం దగ్గర మహేంద్రతనయ ఏరు ఒక్క రాత్రిలో ఎర్రబడుతుంది. ఊళ్లో చినుకు రాలకపోయినా సరే, పైన ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో గట్టి వాన కొట్టిందని ఏటి రంగు చూసి చెప్పేస్తారు. మర్నాడు పత్రికల్లో మండలాలవారీ వర్షపాతం వస్తుంది. ఇక్కడ ఇన్ని మిల్లీమీటర్లు, అక్కడ ఇన్ని. ఆ వానకు ఏ కొండవాలు నుంచి ఎంత మట్టి దిగిపోయిందో మాత్రం ఎక్కడా రాదు. అలాంటి లెక్క కట్టే అలవాటే మనకు లేదు.

శ్రీకాకుళం జిల్లాలో ఏటా సగటున 1,100 నుంచి 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అనంతపురంతో పోలిస్తే రెట్టింపు. కానీ వాలు భూమి గురించి ఈ సగటు చెప్పేది చాలా తక్కువ. అక్కడి మట్టిలో పెద్ద వాటా ఏడాది పొడవునా కురిసే వానకు పోదు, ఏ నాలుగైదు కుండపోతలకో పోతుంది. ఆ కుండపోత ఎంత ఉద్ధృతంగా పడింది, ఏ నెలలో పడింది, అప్పుడు నేల మీద ఏముంది? నష్టమంతా ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంటుంది. ఈ మూడూ కలిసి రైతుకు ఎదురుతిరిగే రోజులు ఉత్తరాంధ్రలో ఏటా రెండుసార్లు వస్తాయి. ఒకటి మే నెలాఖరు నుంచి జూన్ దాకా, రెండోది అక్టోబరు తుపానుల వేళ. వాలు భూముల రక్షణకు పెట్టే ఖర్చు ఈ రెండు గడువులనూ పట్టించుకోకపోతే ఎన్ని కట్టలు కట్టినా పెద్దగా లాభం ఉండదు.

చినుకు నుంచే మొదలుపెట్టాలి. ఒక మిల్లీమీటరు వ్యాసమున్న చిన్న చినుకు సెకనుకు నాలుగు మీటర్ల వేగంతో దిగుతుంది. ఐదు మిల్లీమీటర్ల పెద్ద చినుకు వేగం తొమ్మిది మీటర్లు. బరువులో అది చిన్నదానికి 125 రెట్లు. బరువూ వేగమూ కలిపి చూస్తే నేలను కొట్టే శక్తి ఆరువందల రెట్లు దాటుతుంది. పూతలేని మట్టిగోడ అడుగున వానాకాలంలో మోకాలెత్తు దాకా పడే ఎర్ర మరకలు ఈ దెబ్బకు లేచిన మట్టే. నేలకోత అంటే పారే నీరు చేసే పనేనని చాలాకాలం అనుకున్నారు. చినుకు దెబ్బే మొదటి దోషి అని 1940ల్లో అమెరికా పరిశోధకుడు ఎలిసన్ ప్రయోగాలతో చూపించాడు. చదును నేల మీద ఎగిరిన మట్టి నాలుగు వైపులా సమానంగా పడుతుంది కాబట్టి లెక్క సరిపోతుంది. వాలు మీద ఎక్కువ భాగం కిందివైపే పడుతుంది. అంటే నీరు పారడం మొదలు కాకముందే మట్టి ప్రయాణం మొదలైపోతుంది.

తర్వాత జరిగేది ఇంకా నష్టం. చెదిరిన సన్నటి రేణువులు నేల రంధ్రాలను పూడ్చేస్తాయి, పైన పలచటి పెచ్చు కడుతుంది. అప్పటిదాకా నీటిని తాగిన నేల ఇక తాగదు. పారే నీరు మొదట పొరలా, తర్వాత సన్న చాళ్లుగా, చివరికి మనిషి దిగేంత కోతలుగా మారుతుంది. భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో సినిమా పాటలు తీసే ఆ లోయలన్నీ వాన నీరు తొలిచినవే. భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వాటిని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అక్కడ అది వారసత్వం. అదే పని మెళియాపుట్టిలోనో పాతపట్నంలోనో జీడితోట నడుమ జరిగితే రైతు నెత్తిన పడ్డ నష్టం.

కోతలు కనిపిస్తాయి కాబట్టి అధికారులు వస్తారు, ఫొటోలు తీస్తారు. పొరలుగా పోయే మట్టి కనిపించదు. దాన్ని చూడాలంటే గట్టి వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే వాలు చెక్కలో వంగి చూడాలి. గులకరాళ్లు ఒక్కోటి సన్నటి మట్టి స్తంభం మీద నిలబడి ఉంటాయి. రాయి గొడుగు పట్టిన మేరకు మట్టి మిగిలింది, చుట్టూ ఉన్నది పోయింది. ఆ స్తంభం ఎత్తే దుక్కి దున్నిన తర్వాత అక్కడ పోయిన మట్టి లోతు. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు, స్కూలు పిల్లల స్కేలు చాలు. ఒక హెక్టారులో ఒక్క మిల్లీమీటరు మందం మట్టి పోతే పది ఘనపు మీటర్లు, బరువులో సుమారు 13 టన్నులు. రెండు ట్రక్కుల మట్టి. కంటికి మాత్రం చేను నిన్న ఉన్నట్టే ఉంటుంది.

దేశం మొత్తానికి ఇలాంటి లెక్క ఒకటి ఉంది. 1983లో ధ్రువనారాయణ, రాంబాబు అనే శాస్త్రవేత్తలు ఏటా హెక్టారుకు సగటున 16.35 టన్నుల మట్టి పోతోందని అంచనా వేశారు. మొత్తం 533 కోట్ల టన్నులు. అందులో 29 శాతం సముద్రంలోకి, పది శాతం జలాశయాల్లోకి పోతుంది. మిగతా 61 శాతం ఒకచోట నుంచి మరోచోటికి మారుతుంది. నలభై ఏళ్లు దాటినా ఈ అంకెలనే ఉటంకిస్తున్నాం. ఈ విషయానికి మనమిచ్చిన ప్రాధాన్యం ఎంతో అక్కడే తెలుస్తుంది.

ఉద్ధృతి ఎంత తేడా తెస్తుందో ఒక లెక్కతో చూడవచ్చు. అమెరికాలో విష్‌మయర్, స్మిత్ రూపొందించిన కోత సమీకరణం 1965లో, సవరించి 1978లో వెలువడింది. ప్రపంచమంతా వాడేది అదే. వాన మొత్తం శక్తిని, ఆ వానలో అత్యంత ఉద్ధృతమైన 30 నిమిషాల వేగంతో గుణించడం అందులో కీలకం. 50 మిల్లీమీటర్ల వాన పది గంటలపాటు నిదానంగా పడితే ఒక విలువ వస్తుంది. అదే 50 మిల్లీమీటర్లు గంటలో కుమ్మరిస్తే వచ్చే విలువ దానికి దాదాపు 15 రెట్లు. పొద్దున ఎనిమిదిన్నరకు కొలిచే 24 గంటల పట్టికలో మాత్రం రెండింటికీ అంకె ఒకటే. మన రాష్ట్రంలో మండల స్థాయిలో ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు ఉన్నాయి, గంటలవారీ సమాచారం వాటి నుంచి వస్తూనే ఉంది. అందులోంచి ప్రతి వానలో గరిష్ఠ గంట వానను తీసి ప్రకటిస్తే కొండ మండలాల రైతుకు, ఇంజినీరుకు కూడా ఉపయోగం. ఇప్పుడు ప్రకటిస్తున్నది చెరువు నిండుతుందా లేదా తెలుసుకోవడానికి సరిపోతుంది, అంతవరకే.

వాలు సంగతీ ఆ సమీకరణమే చెబుతుంది. వంద మీటర్ల దూరానికి తొమ్మిది మీటర్లు దిగే వాలు దానికి ప్రమాణం. పద్దెనిమిది మీటర్లు దిగితే కోత రెట్టింపు కాదు, సుమారు మూడు రెట్లు. వాలు పొడవు రెట్టింపైతే మాత్రం ఎకరానికి పోయే మట్టి నలభై శాతమే పెరుగుతుంది. అందుకే నిటారు చేలల్లో అడ్డంగా గట్టు వేసి పొడవును ముక్కలు చేస్తే కొంతే మేలు. నేలనే మెట్లుగా చదును చేస్తే అసలు మేలు.

పాతపట్నం ఒక అంచున ఉంది. ఏటికి ఆవల ఒడిశాలోని పర్లాకిమిడి, ఈవల శ్రీకాకుళం జిల్లా. ఎగువన 1,501 మీటర్ల మహేంద్రగిరి. ఆ కొండల నుంచి మహేంద్రతనయ పేరుతో రెండు ఏర్లు దిగుతాయి. ఒకటి బారువ దగ్గర నేరుగా సముద్రంలో కలుస్తుంది. పాతపట్నం మీదుగా వచ్చేది హిరమండలం దగ్గరి గొట్టా బ్యారేజీకి ఎగువన వంశధార నదిలో కలుస్తుంది. వంశధార పరీవాహకంలో మూడొంతులకు దగ్గరగా ఒడిశాలోనే ఉంది. ఇక్కడి కొండలన్నీ ఎక్కువగా ఖొండలైటు శిల. వేడికీ తేమకూ లోతుగా చివికి ఎర్రమట్టి అవుతుంది. దానిలోని గార్నెట్ గింజలు మాత్రం చివకవు. కళింగపట్నం తీరంలో ఇసుక మీద ఎర్రటి, నల్లటి చారలు కనిపిస్తాయి. ఆ ఎర్రటి గింజలు ఈ కొండల నుంచి వచ్చినవే. కాబట్టి కోత కొత్తది కాదు, మనిషి రాకముందు నుంచీ ఉంది. వేగమే కొత్తది.

ఆ వేగానికి అందరూ చూపే కారణం పోడు. సవరలు, జాతాపులు వేసవిలో కొండ మీద పొదలు కొట్టి, ఎండబెట్టి, కాల్చి, తొలకరికి చోళ్లు, సామలు, కందులు కలిపి చల్లే సాగు అది. మొదటి గట్టి వాన పడేనాటికి వాలు మీద బూడిద తప్ప కప్పు ఉండదన్నది నిజమే. అయితే పాతకాలపు పోడులో రెండు మూడేళ్లు సాగుచేసిన చెక్కను పదేళ్లో పదిహేనేళ్లో వదిలేసేవారు. అడవి మళ్లీ మొలిచేది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం దగ్గర నుంచి రిజర్వు హద్దులు బిగుసుకుంటూ వచ్చాయి, జనాభా పెరిగింది, వదిలేసే గడువు మూడు నాలుగేళ్లకు కుంచించుకుపోయింది. పోడును తప్పుపట్టేవాళ్లు ఈ చరిత్రను కలిపి చెప్పరు. పైగా రేపు ఎవరు తరిమేస్తారో తెలియని చెక్కలో రాతికట్ట కట్టడానికి ఎవరు మాత్రం నడుం వంచుతారు? 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా చేతికి రావడం మట్టి రక్షణకు సంబంధించిన విషయం కూడా.

అదే సవరలు ప్రపంచంలో ఎక్కడ చూపినా ముచ్చటపడే పొలాలు కట్టారు. గజపతి, రాయగడ జిల్లాల్లో గెడ్డ పుట్టే లోయల్లో, పైనుంచి కిందికి మెట్లు మెట్లుగా, ఒక్కో మెట్టుకు సున్నం లేని రాతిగోడ పేర్చి, గెడ్డ నీటిని పై మడి నుంచి కింది మడికి దించుతూ వరి పండిస్తారు. గోడ ఎత్తుతో పోల్చి చూస్తే కొన్నిచోట్ల మడి వెడల్పు చాలా తక్కువ. 1955లో వెరియర్ ఎల్విన్ సవరల మీద రాసిన పెద్ద పుస్తకం వచ్చేనాటికే ఆ మడులు పాతవి. ఏ శాఖ ఇంజినీరూ గీసిన ప్లాను కాదు అది. వాలును, పొడవును ఒకేసారి తగ్గించి, మిగులు నీటికి దారి కూడా పెట్టిన పని. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని నిఘంటువు కూర్చారు. ఆ కొండల పొలాల దగ్గర మన వ్యవసాయ శాఖ అలాంటి శిష్యరికం ఎప్పుడూ చేయలేదు.

ఆంధ్ర వైపు కొండల్లో పోడు స్థానాన్ని చాలాచోట్ల జీడి ఆక్రమించింది. సీతంపేట వైపు అనాస కూడా. పచ్చగా కనిపించే తోటను చూసి వాలు రక్షణ పొందిందని అధికారులు రాసుకుంటారు. ఇక్కడే ఒక మెలిక ఉంది. జీడికి కాపు మార్చి నుంచి మే దాకా. రాలిన పిక్క కనిపించాలని, ఏరడం తేలికని, అంతకుముందే చెట్ల కింద గడ్డి గీకి, ఆకు ఊడ్చి, చాలామంది తగలబెడతారు. ఏరివేత పూర్తయ్యేసరికి చెట్టు కింద నేల అద్దంలా ఉంటుంది. ఆ వెంటనే నైరుతి మబ్బు, జూన్ వాన. కొమ్మలు కిందికి వాలే చెట్టు కాబట్టి జీడి కింద చినుకు దెబ్బ కొంత తగ్గుతుంది. కానీ పైనుంచి దిగే పారుడు నీటిని ఆపడానికి నేల మీద ఏమీ ఉండదు. టేకు తోటల్లో అయితే ఇంకా అన్యాయం. వెడల్పాటి ఆకు మీద చినుకులు కలిసి పెద్ద బొట్లుగా రాలతాయి, ఎనిమిది తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి పడినా దాదాపు పూర్తి వేగం అందుకుంటాయి. అడుగున పొద లేని టేకు వాలు మీద వాన నేరుగా పడ్డదానికన్నా ఎక్కువ కోత పెట్టగలదు. చెట్టు ఉంటే చాలదు, చెట్టు కింద చెత్త ఉండాలి. ఊడ్చిన ఆకును కాల్చకుండా ఏరివేత కాగానే చెట్ల వరుసల మధ్య అడ్డంగా పరచడం ఖర్చులేని పని. దీని గురించి ఏ ప్రచార పత్రమూ గట్టిగా చెప్పదు. మొక్కలు పంచినన్ని ఫొటోలు దీనికి రావు మరి.

అక్టోబరు సంగతి వేరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు కూలిన దృశ్యాలే అందరికీ గుర్తు. కొండల్లో జరిగింది అంతగా బయటికి రాలేదు. గజపతి జిల్లా బరఘరా గ్రామంలో వానకు తలదాచుకోవడానికి కొండగుహలోకి చేరినవాళ్ల మీద చరియ విరిగిపడి పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. చరియ పడటం, చినుకు కోయడం ఒకటి కాదు. అప్పటిదాకా నానిన నేల తన బరువు తాను మోయలేక జారడం మొదటిది. అయితే రెండూ ఒకే వానలో, ఒకే వాలు మీద జరుగుతాయి. జారిన చరియ వదిలిన గాటు తర్వాతి నాలుగేళ్లు ప్రతి వానకూ మట్టిని వదులుతూనే ఉంటుంది. వేళ్లతో లేచిన ప్రతి చెట్టూ ఒక గొయ్యిని మిగిల్చింది. వాటి స్థానంలో నాటిన జీడి మొక్కలు గొడుగు పట్టేసరికి ఏళ్లు పడుతుంది. తుపాను నష్టపరిహారంలో చెట్టుకు ఇంత అని ఉంటుంది. ఆ నడిమి ఏళ్ల నేలకు ఏమీ ఉండదు.

వాలు నేలల్లో ఏం చేయవచ్చో తెలియక ఆగిన పని కాదిది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ 1970ల మధ్య నుంచి నల్లరేగడిలో ఒక పోలిక నడిపింది. వానాకాలమంతా బీడుగా వదిలి రబీలో విత్తే పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా ఆరు టన్నులకు పైగా మట్టి పోయింది. వాలుకు అడ్డంగా వెడల్పాటి ఎత్తు మళ్లు, కాలువలు వేసి తొలకరికే పైరు పెట్టిన చోట పోయింది ఒకటిన్నర టన్నులు. అదీ కంటికి చదునుగా కనిపించే నేలలో. తేడా రావడానికి మళ్లు ఎంత కారణమో, తొలకరికి నేల మీద పచ్చదనం ఉండటం కూడా అంతే కారణం. రైతు సాధికార సంస్థ ప్రకృతి సాగులో భాగంగా ప్రచారం చేస్తున్న వేసవి నవధాన్యాల విత్తుడు ఈ కోవలోదే. వాన రాకముందే విత్తి, మొదటి జల్లుకే మొలిపించడం. మైదానపు మెట్ట కోసం పుట్టిన ఈ పద్ధతికి అసలు అవసరం కొండవాలులోనే ఎక్కువ. కాకపోతే నిటారు వాలు మీద విత్తిన గింజ కూడా మొదటి కుండపోతకు కొట్టుకుపోతుంది, కాబట్టి అడ్డంగా చాలు తీసి విత్తాలి. మేకల్ని, పశువుల్ని ఆ నెల రోజులు ఆపడం ఊరంతా ఒప్పుకుంటే తప్ప కుదరదు.

కట్టల విషయంలో ఒక పొరపాటు పదే పదే జరుగుతోంది. తక్కువ వాన పడే సీమలో సమమట్టపు గట్టు పని నీటిని నిలబెట్టడం. పాఠ్యపుస్తకాలు కూడా ఆ గట్టును తక్కువ వాన, ఆరు శాతం లోపు వాలు ఉన్నచోటే వాడమంటాయి. అదే నమూనాను 1,100 మిల్లీమీటర్ల వాన పడే కొండ మండలంలో దించితే, నిండిన గట్టు బలహీనమైన చోట తెగుతుంది. పదెకరాల నీరు ఒక్క గండి గుండా దూకుతుంది. గట్టు లేనప్పుడు పొరలా పోయే మట్టి ఇప్పుడు కోతగా పోతుంది. ఇక్కడ కావలసింది కొద్దిపాటి వాలుతో నీటిని పక్కకు నడిపించే గట్టు, దాని చివర గడ్డి పెంచిన లేదా రాయి పరిచిన జారుకాలువ. ఉపాధి హామీలో కందకం తవ్వితే కొలత తేలిక, కూలి లెక్క తేలిక. జారుకాలువకు రాయి, నైపుణ్యం కావాలి, కాబట్టి అది మిగిలిపోతుంది.

ఇంకో దారి ఫిలిప్పీన్స్‌లో చూశారు. మిండనావో కొండల్లో 1970ల్లో హెరాల్డ్ వాట్సన్ అనే అమెరికన్ వాలుకు అడ్డంగా నాలుగైదు మీటర్లకో జంట వరుస సుబాబుల్ పెంచి, మధ్యలో పంట వేయించాడు. ఆ పనికి 1985లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. దాదాపు అదే సమయంలో సుబాబుల్‌కు పేనుబంక లాంటి పురుగు సోకి వరుసలు ఎండిపోయాయి. కొమ్మలు కత్తిరించే కూలి భారమై చాలామంది మానుకున్నారు. ఆలోచన తప్పు కాదు, ఒకే చెట్టును నమ్ముకోవడం తప్పు. మన దగ్గర గ్లిరిసిడియా, కంది, కొండచీపురు, వట్టివేళ్లు కలిపి వేసుకునే వీలుంది. కొండచీపురుకు సంతలో ధర కూడా ఉంది. అమ్ముడుపోయే గడ్డి గట్టు మీద ఎక్కువకాలం బతుకుతుంది.

కొండల దిగువన పెట్టే ఖర్చుకు మాత్రం కొదవ లేదు. చెరువుల పూడికతీత 2000లో నీరు-మీరు పేరుతో, 2015లో నీరు-చెట్టు పేరుతో నడిచింది. తీసిన పూడిక ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఆ పథకాల్లో పెద్ద చోటు దొరకలేదు. భామిని మండలం కాట్రగడ్డ దగ్గర నుంచి వరద కాలువ గుండా హిరమండలం జలాశయానికి వంశధార నీరు మళ్లించే ఏర్పాటు ఉంది. 19 టీఎంసీల జలాశయం అది. నదిలో బురద ఎక్కువగా ఉండేది వరదలోనే. దాన్నే ఏరికోరి నింపుకుంటున్నప్పుడు ఎగువ వాలుల మీద పెట్టే ప్రతి రూపాయీ జలాశయం ఆయుష్షు మీద పెట్టినట్టే. ఆ ఎగువ వాలుల్లో ఎక్కువ భాగం మాత్రం ఆంధ్ర అధికారుల చేతిలో లేదు.

వంశధార నీళ్ల మీద రెండు రాష్ట్రాలకు 1962 నుంచి ఒప్పందం ఉంది. 115 టీఎంసీలుగా లెక్కగట్టిన నీటిలో చెరి సగం. నది మీద తలపెట్టిన నేరడి బ్యారేజీ వివాదం ముదిరి 2010లో ట్రైబ్యునల్ ఏర్పడింది, 2017 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది. అరవై ఏళ్ల ఈ వాదోపవాదాలన్నీ నీటి వాటా గురించే. ఆ నీటితోపాటు దిగే మట్టి ఎవరి బాధ్యతో తేల్చాలని ఎవరూ అడగలేదు. ఒడిశాకు తన కొండల మట్టి పోవడం నష్టం, ఆంధ్రకు తన జలాశయంలో చేరడం నష్టం. నీటి దగ్గర ఎదురెదురుగా నిలబడ్డ రెండు ప్రభుత్వాలకూ ఇందులో నిజానికి ఒకే ప్రయోజనం ఉంది. కోరాపుట్ జిల్లా సునాబెడలో కేంద్ర ప్రభుత్వ మట్టి-నీటి పరిరక్షణ పరిశోధన కేంద్రం ఉంది. తూర్పు కనుమల వాలు నేలలే దాని పని. మహేంద్రతనయ పరీవాహకంలో ఒక పోడు చెక్క, ఒక ఊడ్చిన జీడితోట, ఒక ఊడ్వని జీడితోట, ఒక సవర మెట్ల మడి ఎంచుకుని, దిగువన తొట్లు పెట్టి, రెండు వైపులా ప్రతి వానకూ మట్టి తూచడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. విష్‌మయర్ సమీకరణానికి ఆధారమైన కొలతల్లో ప్రామాణిక మడి పొడవు 22 మీటర్లే, వెడల్పు రెండు మీటర్లకు లోపే.

ఆ కొలతలు వచ్చేదాకా ఆగకుండా చేయగలిగింది జీడి ఆకు సంగతి. తోటలు శుభ్రం చేసే పని ఫిబ్రవరిలో మొదలవుతుంది. ఆకు తగలబెట్టవద్దన్న మాట రైతు సేవా కేంద్రాల నుంచి జనవరిలోనే వెళ్లాలి. ఆకు పరచడానికి రెండు రోజుల కూలిని ఉపాధి హామీ పనుల జాబితాలో చేర్చాలా వద్దా అన్నది కూడా ఆ నెల గ్రామసభల్లోనే తేలాలి. మే నెలలో చెబితే అప్పటికే ఆకు బూడిదై ఉంటుంది.